మూడు నెలలకే పోయే ఎల్‌ఈడీ బల్బులు: ఊళ్లో కొత్త ఇంటికి ఏవి కొనాలి?

దేవరకొండ దగ్గర ఊళ్లో అమ్మానాన్నల కోసం మూడు గదుల ఇల్లు కడుతున్నామని, వైరింగ్ నడుస్తోందని రాశారు. పాత ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు మూడు నాలుగు నెలలకే పోతున్నాయట. కొత్త ఇంటికి ఎన్ని వాట్లవి కొనాలి, తెల్ల లైటా పసుపు లైటా, కంపెనీవా లోకల్‌వా అన్నది మీ ప్రశ్న. నల్గొండలో ఇరవై రెండేళ్లుగా ఇళ్ల వైరింగ్ పనే చేస్తున్నాను. మిర్యాలగూడ నుంచి మాల్ ఊరి దాకా చాలా ఇళ్లలో ఇదే గోడు విన్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు జవాబు. పెద్ద గదికి 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్ ఒకటి, తోడుగా 9 వాట్ల బల్బు ఒకటి. పడకగదికి ఒక ట్యూబ్, మంచం పక్కన చిన్న పసుపు బల్బు. వంటింట్లో ఒక ట్యూబ్, పొయ్యి గట్టు పైన ఇంకో లైటు. పడకగది, వాకిలి తప్ప మిగతా చోట రంగు మరీ తెలుపూ మరీ పసుపూ కాకుండా 4000 కెల్విన్ (ఇది లైటు రంగు కొలత, అంకె తగ్గితే పసుపు, పెరిగితే తెలుపు). డబ్బా మీద వోల్టేజీ 100 నుంచి 300 దాకా అని, బీఐఎస్ (కేంద్ర ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల సంస్థ) నంబరు ఉన్నవే కొనండి. కానీ ఒక్క బల్బు కూడా కొనకముందే పాత ఇంట్లో వోల్టేజీ, న్యూట్రల్ (ఫేజుతో పాటు స్తంభం నుంచి వచ్చే రెండో తీగ) చూపించుకోండి. ఒకటి కాదు రెండు కాదు, పెట్టిన బల్బల్లా మూడు నెలలకు పోతుందంటే తప్పు బల్బుదే అని నేను అనుకోను.

ఎందుకో చెప్తాను. ఎల్‌ఈడీ చిప్‌లు, అంటే లోపల వెలిగే చిన్న బిళ్లలు, 230 వోల్టుల మీద నేరుగా వెలగవు. బల్బు మెడ దగ్గర ప్లాస్టిక్ లోపల చిన్న సర్క్యూట్ ఉంటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. ఇంటి కరెంటును చిప్‌లకు సరిపోయేలా మార్చి ఇచ్చేది అదే. నా దగ్గరికి వచ్చే పాడైన బల్బుల్లో ఎక్కువ భాగం డ్రైవర్ కాలిపోయినవే. మిగతావాటిలో ఒక చిప్ మీద నల్ల చుక్క కనిపిస్తుంది. చిప్‌లన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయి కాబట్టి ఒకటి పోతే మొత్తం బల్బు ఆరిపోతుంది. అంటే మనం బల్బు కొంటున్నామంటే వెలుతురుతో పాటు ఆ డ్రైవర్‌ను కూడా కొంటున్నట్టు. వంద రూపాయల బల్బుకు, ముప్పై రూపాయల బల్బుకు అసలు తేడా అక్కడే ఉంటుంది. మరీ చవక రకాల్లో డ్రైవర్ విడిగా ఉండదు, చిప్‌లు ఉన్న ప్లేటు మీదే కరెంటును అదుపు చేసే ఒక చిన్న ఐసీ ముక్క పెట్టి వదిలేస్తారు. వోల్టేజీ 170కి పడితే అవి మసకబారతాయి, 270కి లేస్తే వేడెక్కి పోతాయి.

ఇక మన దిక్కు వోల్టేజీ సంగతి మీకు తెలియనిది కాదు. ఊరి చివర ఇళ్లు, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న ఇళ్లు అయితే ఇంకా కష్టం. బోరు మోటర్లన్నీ ఒకేసారి నడిచే పొద్దు 180 కూడా చూపించదు, అవన్నీ ఆగాక రాత్రి పదింటికి 250 దాటుతుంది. నాలుగేళ్ల కింద మీ వైపే ఒక ఊళ్లో ఒకాయన నన్ను పిలిచాడు. ఏడాదిలో పదకొండు బల్బులు, ఒక టీవీ బోర్డు, ఒక సెల్ ఛార్జర్ పోయాయి. షాపువాడు దొంగ మాల్ అంటగట్టాడని ఆయన కోపం. మీటరు పెట్టి చూశాను. సాయంత్రం 215 ఉంది, బాగానే ఉందనిపించింది. ఇంటి ముందు కిరాణా కొట్టాయన ఫ్రిజ్ ఆన్ కాగానే ఈ ఇంట్లో ముల్లు 290 దాటింది. పక్కింటి లోడు మారితే మన ఇంట్లో వోల్టేజీ పెరిగిందంటే ఒక్కటే అనుమానం: న్యూట్రల్ వదులైంది.

అది అర్థం కావడానికి ఇంత తెలిస్తే చాలు. స్తంభం మీద మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ ఉంటాయి. మన ఇంటికి ఒక ఫేజు, ఆ న్యూట్రల్ కలిపి ఇస్తేనే 230 వస్తుంది. రెండు ఫేజుల మధ్య అయితే 400 ఉంటుంది. న్యూట్రల్ జాయింటు తుప్పు పట్టో, గాలికి ఊగి ఊగి వదులయ్యో పట్టు తప్పితే ఆ 400ను ఇళ్లు తమ తమ లోడు ప్రకారం పంచుకుంటాయి. ఎక్కువ సామాను నడుస్తున్న ఇంట్లో వోల్టేజీ పడిపోతుంది. రెండు బల్బులు మాత్రమే వెలిగే ఇంట్లో మూడు వందలు దాటిపోతుంది. పెద్దవాళ్లు ఇద్దరే ఉండే ఇల్లు సరిగ్గా ఆ రెండో రకం. ఆ ఊళ్లో లైన్‌మన్ వచ్చి స్తంభం మీద జాయింటు కొత్తగా వేశాక, మిగిలిన బల్బులు ఇప్పటికీ వెలుగుతున్నాయి. స్తంభం పని మాత్రం మీరు గానీ, మీ ఎలక్ట్రీషియన్ గానీ ముట్టుకోవద్దు. కరెంటాఫీసులో ఫిర్యాదు రాయించండి. ఒక ఇంటికే కాకుండా నాలుగిళ్లకు ఇదే ఇబ్బంది ఉంటే నలుగురూ కలిసి రాయండి, త్వరగా కదులుతుంది.

మీ ఇల్లు కట్టుబడిలోనే ఉంది కాబట్టి ఇంకో పని చేయించండి. ఎర్తింగ్ గుంత నిజంగా తవ్వించి, బొగ్గు ఉప్పు వేసి, ఎండాకాలం నీళ్లు పోసే వీలు ఉంచండి. చాలా ఇళ్లలో ఎర్త్ వైరు బోర్డు దాకా వచ్చి అక్కడే ఆగిపోయి ఉంటుంది. మెయిన్ బోర్డులో పిడుగుపాటు వోల్టేజీని ఆపే సర్జ్ ప్రొటెక్టర్ ఒకటి పెట్టించండి. దాని పని ఎర్తింగ్ బాగుంటేనే జరుగుతుంది. బల్బు డబ్బా మీద కూడా 4 కేవీ (నాలుగు వేల వోల్టులు) సర్జ్ ప్రొటెక్షన్ అని రాసి ఉంటే అది తీసుకోవడం మంచిది. ఇవన్నీ ఉన్నా న్యూట్రల్ తెగినప్పుడు గంటల తరబడి వచ్చే 350 వోల్టులను బల్బు తట్టుకోలేదు. దానికి ఎక్కువ, తక్కువ వోల్టేజీకి కట్ అయ్యే ప్రొటెక్టర్ వేరే ఉంటుంది. ఊళ్లో ఫ్రిజ్, టీవీ కూడా పెడుతున్నారు కదా, ఆ ఖర్చు పెట్టండి.

బల్బుకు రెండో శత్రువు వేడి. ఎల్‌ఈడీ ముట్టుకుంటే పాత బల్బులా కాలదు కాబట్టి దానికి వేడితో పని లేదనుకుంటారు. నిజానికి పాత బల్బు వేడిని లెక్కచేయదు, వేడి చంపేది ఎల్‌ఈడీనే. డ్రైవర్‌లో ఉండే కెపాసిటర్ చుట్టూ పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. డబ్బా మీద 25,000 గంటలు అని ఉంటుంది. రోజుకు ఆరు గంటల లెక్కన పదకొండేళ్లు రావాలి. ఆ లెక్క 25 డిగ్రీల గదిది. మే నెలలో నల్గొండలో బయటే 44, 45 ఉంటుంది. రేకుల కింద అయితే పొద్దు గూకినా సెగ తగ్గదు. అందుకే రేకులకు ఆనించి బల్బు పెట్టవద్దు, ఒక అడుగు కిందికి గోడకు దించండి. అన్ని వైపులా మూసి ఉన్న గాజు బుడ్డి లోపల పెద్ద వాట్ల బల్బు పెట్టవద్దు. మా చుట్టాల ఇంట్లో వంటగదికి అలాంటి గాజు గిన్నెలో 15 వాట్ల బల్బు పెట్టారు. నాలుగు నెలలకోసారి మారుస్తూ వచ్చారు. గిన్నె తీసేసి ట్యూబ్ పెట్టాను, ఇప్పటికి మూడో ఏడు నడుస్తోంది. ట్యూబ్ పొడవుగా ఉండి వేడి పంచుకుపోతుంది. అందుకే నేను గదికి ట్యూబ్‌నే మొదట చెప్తాను.

ఎన్ని వాట్లు అన్నారు. వాట్లు అంటే బల్బు తినే కరెంటు. వెలుతురు లెక్క ల్యూమెన్లలో ఉంటుంది, అది డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మనం ఒకప్పుడు వాడిన 60 బల్బు 700, 800 ల్యూమెన్ల దాకా ఇచ్చేది. మంచి 9 వాట్ల ఎల్‌ఈడీ ఎనిమిది తొమ్మిది వందలు ఇస్తుంది. అదే 9 వాట్ల పేరుతో లోకల్ బల్బు ఆరు వందలు కూడా ఇవ్వకపోవచ్చు, కొన్నింటి మీద ఆ అంకె రాయనే రాయరు. రాయనిది కొనకండి. పది బై పన్నెండు గది అంటే దాదాపు 11 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 150 ల్యూమెన్లు అనుకుంటే 1650 కావాలి. 20 వాట్ల ట్యూబ్ 2000 ల్యూమెన్ల వరకు ఇస్తుంది, గోడలకు పోయేది పోను సరిపోతుంది. ఇది తెల్ల గోడలకు లెక్క. పచ్చ, నీలం ముదురు రంగులు వేసి, కింద నల్ల బండలు పరిస్తే వెలుతురు చాలా మింగేస్తాయి, ఇంకో బల్బు కావాల్సి వస్తుంది. మీ అమ్మగారికీ నాన్నగారికీ అరవై దాటాయని రాశారు. వయసు పెరిగే కొద్దీ కంటి లోపలికి వెళ్లే వెలుతురు తగ్గిపోతుంది, శుక్లాలు మొదలైతే ఇంకా. మనకు సరిపోయిన లైటు వాళ్లకు చాలదు. అలాగని ఒక్క పెద్ద బల్బు నడి ఇంట్లో వేలాడదీస్తే కళ్లు చెదురుతాయి. ఒక పెద్దదానికి బదులు రెండు చిన్నవి, రెండు వైపుల నుంచి. నీడలు కూడా తగ్గుతాయి.

రంగు విషయంలో మన ఊళ్లలో తెల్లటి తెలుపు, 6500 కెల్విన్, ఎక్కువ అమ్ముడవుతుంది. ఎక్కువ వెలుగు కనిపిస్తుందని నమ్మకం. అది చూడ్డానికి తెల్లగా ఉంటుంది తప్ప ల్యూమెన్లు ఒకటే అయితే వెలుతురు పెద్దగా తేడా ఉండదు. పడుకునే ముందు ఆ నీలి తెలుపు కళ్లలో పడితే నిద్ర ఆలస్యమవుతుంది. పడకగదిలో 3000, మిగతా చోట 4000 పెట్టండి. వాకిట్లో కూడా పసుపే పెట్టమంటాను. తొలకరి పడిన సాయంత్రం ఉసిళ్లు ఎలా కమ్ముకుంటాయో మీరు చూసే ఉంటారు. పురుగులు నీలం, తెలుపు వెలుగుకు ఎక్కువ వస్తాయి, పసుపుకు తక్కువ. మొత్తంగా రాకుండా ఉండవు, కానీ అన్నం కంచంలో పడే పురుగులు తగ్గుతాయి. వాకిట్లోది ఐపీ65 రకం తీసుకుంటే వాన జల్లు లోపలికి పోదు.

ఇప్పుడు ఎవరూ అడగని సంగతి ఒకటి చెప్పాలి, నాకు ఇది చాలా ముఖ్యం. సీఆర్‌ఐ. ఒక లైటు కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, వందకు ఎంత అని. పాత ఫిలమెంట్ బల్బు వందకు వంద. మామూలు ఎల్‌ఈడీ 80. ఎల్‌ఈడీలో అసలు పుట్టేది నీలం వెలుగు, దాని మీద పూసిన పసుపు రంగు రసాయన పొడి వల్ల అది తెల్లగా మారుతుంది. అందుకే చవక ఎల్‌ఈడీల్లో ఎరుపు తక్కువగా ఉంటుంది. ఆ నీలం ఎల్‌ఈడీ కనిపెట్టిన జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. అంత గొప్ప వస్తువుకు ఉన్న లోటు ఇది.

పుట్టపాక వైపు ఒక చేనేత ఇంటికి వైరింగ్‌కు వెళ్లాను. గుంట మగ్గం పైన ఆయన చవక తెల్ల బల్బు ఒకటి వేలాడదీసుకున్నాడు. రాత్రి పూట కండెలు మార్చేటప్పుడు మెరూన్ నూలు, కాఫీ రంగు నూలు ఒకేలా కనిపించాయట. తెల్లారి వాకిట్లో వెలుగులో చూసుకుంటే జానెడు నేత తప్పు రంగుతో పడి ఉంది. ఇంటిల్లిపాదీ నెల పాటు చిటికి కట్టి (రంగు అంటకూడని చోట నూలుకు ముడులు వేసి), రంగులద్ది, ఆసు పోసి చేసిన పని అది. ఆయన దాన్ని విప్పుతూ కూర్చున్న దృశ్యం నేను మరచిపోలేదు. సీఆర్‌ఐ 90 దాటిన 4000 కెల్విన్ ట్యూబ్ తెప్పించి, మగ్గానికి ఎడమ పక్క నుంచి, చెయ్యి నీడ పడకుండా పెట్టాను. మామూలు దానికంటే రెండింతల ధర అయింది. ఆ రోజు నుంచి గద్వాల, నారాయణపేట, పోచంపల్లి ఎక్కడ మగ్గం ఉన్న ఇల్లు చూసినా ఈ మాట చెప్పకుండా రాను. మీ ఇంట్లో మగ్గం లేకపోవచ్చు, కానీ మందు గోళీల రంగు, కూరలో పసుపు కారం, వడ్లలో పురుగు చూసుకోవాల్సిన పెద్దవాళ్లు ఉన్నారు. కనీసం వంటింట్లో 90 పెట్టండి.

షాపులో ఏం చూడాలి అంటే, నేను చేసేది ఇది. బల్బు వెలిగించి సెల్ కెమెరాలో చూస్తాను. తెర మీద చారలు గట్టిగా పరుగెత్తితే అది మిణుకుతోందని అర్థం. కంటికి కనపడకపోయినా ఎక్కువ సేపు చదివేవాళ్లకు తలనొప్పి వస్తుంది. డబ్బా మీద ఐఎస్ 16102 అని, ఆర్ అక్షరం తర్వాత ఎనిమిది అంకెల నంబరు ఉందా చూస్తాను. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు వస్తుంది, డబ్బా మీద ఉన్న పేరుతో సరిపోవాలి. కరెంటు పొదుపును చూపే బీఈఈ స్టార్ లేబుల్ కూడా ఉండాలి. పవర్ ఫ్యాక్టర్ (బల్బు కరెంటును ఎంత సరిగ్గా వాడుకుంటుందో చెప్పే అంకె) 0.9 ఉంటే డ్రైవర్ సరైనదే అని నాకు ఒక గుర్తు. ఇక బిల్లు తీసుకోండి. రెండేళ్ల వారంటీ అని రాసి ఉన్నా బిల్లు లేకపోతే ఎవరూ మార్చి ఇవ్వరు. కంపెనీ పేరు నేను చెప్పను, ఈ గుర్తులన్నీ ఉన్నది ఏదైనా సరే. అన్నీ ఒకేసారి కొనకుండా రెండు తెచ్చి నెల చూసి మిగతావి కొనండి.

కరెంటు బిల్లు గురించి కొంచెం. 60 బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ యూనిటున్నర కూడా కాదు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల లోపు ఉంటే జీరో బిల్లు వస్తుంది, దాటితే ఆ నెల మొత్తం కట్టాలి. ఎండాకాలం కూలరు నడిచే ఇంట్లో ఆ పది ఇరవై యూనిట్లే గీత దాటిస్తాయి. అర్హత ఉంటే అమ్మానాన్నల పేరున దరఖాస్తు చేయించండి.

కొత్త వైరింగ్‌లో ఇంకో తప్పు జరుగుతుంది. స్విచ్ ఆపినా బల్బు మసకగా వెలుగుతూ ఉంటుంది, దయ్యమని భయపడిన ఇల్లు కూడా చూశాను. స్విచ్‌కు ఫేజు బదులు న్యూట్రల్ ఇస్తే అలా అవుతుంది. వెలుగు సమస్య చిన్నదే. స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉండిపోతుంది, బల్బు మార్చేవాళ్ల ప్రాణానికి ముప్పు. ప్లాస్టర్ పూర్తి కాకముందే టెస్టరుతో ప్రతి స్విచ్ చూపించుకోండి. స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ ఉన్నా కొద్దిగా వెలుగు రావచ్చు, అందులో ప్రమాదం లేదు. పోయిన బల్బును విప్పి, పాడైన చిప్‌ను అతికించి వెలిగించే వీడియోలు చూసి ఇంట్లో చేయకండి. లోపలి ప్లేటు మొత్తం కరెంటు పారుతుంది. మిగిలిన చిప్‌ల మీద భారం పెరిగి అవి కూడా త్వరగా పోతాయి.

పెద్దవాళ్ల ఇల్లు కాబట్టి మంచం పక్క నుంచి బాత్రూం దాకా దారిలో మోకాలి ఎత్తున అర వాటు నైట్ ల్యాంప్‌కు రెండు పాయింట్లు వదలమనండి. పడకగది లైటుకు టూ వే స్విచ్ పెట్టించండి, ఒకటి తలుపు దగ్గర, ఒకటి చెయ్యి చాపితే అందేంత దూరంలో మంచం దగ్గర. ఈ వైరు ఇప్పుడైతే రెండు వందల్లో అయిపోతుంది, గోడలు పూర్తయ్యాక అంటే మళ్లీ గాడి కొట్టాలి. కరెంటు పోతే బ్యాటరీతో వెలిగే బల్బు ఒకటి వంటింట్లో, ఒకటి బాత్రూం దగ్గర పెట్టండి. ఇవి రెండేళ్లకు బ్యాటరీ బలహీనపడతాయి, అప్పుడు మార్చాలని గుర్తుంచుకోండి.

ఈ వారంలో మీరు ఊరికి వెళ్తే ఒక మల్టీమీటర్ తీసుకెళ్లండి. పాత ఇంట్లో పొద్దున ఆరింటికి, మోటర్లు నడిచేటప్పుడు, రాత్రి పదింటికి వోల్టేజీ ఎంతుందో రాసుకుని ఇక్కడ పెట్టండి. పక్కింట్లో మిక్సీ గానీ మోటరు గానీ వేయించి అప్పుడు మీ ఇంట్లో ముల్లు ఎటు కదిలిందో కూడా రాయండి. ఆ మూడు నాలుగు అంకెలు చూస్తే తప్పు స్తంభం మీద ఉందా, మీ బోర్డులో ఉందా చెప్పగలను.